నైటీల దుకాణంలో ఫిర్యాదుల అధికారిణి

మా ఇంట్లో అందరి ఫోను నంబర్లకూ మర్యాద ఉంది, నా నంబరుకు తప్ప. ఈ సంగతి నాకు తెలిసింది మా అన్న తన నైటీల దుకాణాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాక. అంతకు ముందు నేను కూడా మర్యాదస్తురాలినే అనుకునేదాన్ని.

తార్నాక మెయిన్ రోడ్డు వెనక సందులో మా నాన్న కట్టిన ఇల్లు. కింద దుకాణం, పైన మేము. మేమంటే అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, ముందు గదిలో నేను. నాకు పెళ్ళయింది, ఏడాది తిరక్కుండానే విడిపోయింది. ఎందుకని అడిగేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్తాను, ఎవరికి ఏది వినాలని ఉంటే అది. యూనివర్సిటీ క్యాంపస్‌లో కామర్స్ పాఠాలు చెప్పేదాన్ని, కాంట్రాక్టు మీద. ప్రతి వేసవిలో ఆ కాంట్రాక్టు పొడిగించాలి, ప్రతి వేసవిలో నేను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవాలి. అన్న ఇల్లు వదిలి ఎక్కడో ఒక గది అద్దెకు తీసుకుని, నా వంట నేను వండుకుని బతకాలంటే నాకున్న దారి ఆ ఉద్యోగం ఒక్కటే. వేరే ఆస్తి లేదు.

పెద్ద పెద్ద యాపుల్లో అమ్మితే కమీషన్లకే సరిపోతున్నదని, సొంత వెబ్‌సైటు పెడతానని అన్న బయల్దేరాడు. మల్కాజ్‌గిరిలో ఉండే ఆడిటర్ దగ్గరికి వెళ్ళి తలనొప్పితో తిరిగొచ్చాడు. జీఎస్టీ కావాలట, సరుకు వాపసు ఎట్లా తీసుకుంటామో రాసిపెట్టాలట, కొన్నవాళ్ళ వివరాలు ఎవరికీ ఇవ్వమని హామీ ఇవ్వాలట, ప్యాకెట్టు మీద తయారుచేసిన చోటు, నెల, ధర, ఫిర్యాదు నంబరు అన్నీ ఉండాలట. ఆ కాగితాలన్నీ నా మంచం మీద పడేసి, "గివన్నీ నీకు ఎరకే కద, పిల్లలకు చెప్తవు. జర చూడు," అన్నాడు.

నిజమే, వినియోగదారుల చట్టం నేను క్లాసులో చెప్పే పాఠమే. చెప్పడమే తప్ప ఎన్నడూ చేసి చూడలేదు. అందుకని పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశాను. ఒక్కో నియమం చదివి, ఆడవాళ్ళకు అర్థమయ్యే తెలుగులో రాశాను. వదిన అప్పటికే ఐదు రకాల పేర్లతో 'సూపర్ క్వాలిటీ' అని సమీక్షలు రాసి పెట్టింది. దొంగ సమీక్షలు నేరమని చెప్పి ఐదూ తీసేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇల్లు హాయిగా ఉంది.

చివరికి ఒక్కటి మిగిలింది. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఫిర్యాదులు వినడానికి ఒక అధికారిని పెట్టాలి. ఆ మనిషి పేరు, హోదా, నంబరు వెబ్‌సైటులో అందరికీ కనపడాలి. ఫిర్యాదు వస్తే రెండు రోజుల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నీ పేరే పెట్టమన్నాడు అన్న. లేడీస్ ఐటమ్, లేడీస్ పేరుంటేనే నమ్ముతారన్నాడు. నాకు లోపల సంతోషమైంది, దాచుకోను. అన్నేళ్ళుగా క్యాంపస్‌లో నా పేరు పక్కన 'తాత్కాలిక' అన్న ముక్క తప్ప ఇంకేమీ చూడలేదు నేను. ఇప్పుడు నా పేరు కింద 'ఫిర్యాదుల అధికారిణి' అని ఉంది. ఆ పేజీని ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. నా నంబరుతోనే లేబుళ్ళు కట్టలు కట్టలుగా అచ్చయ్యాయి.

మొదట్లో ఫోన్లు నిజంగా కొన్నవాళ్ళవే. అంబర్‌పేట్ నుంచి ఒకావిడ, మెరూన్ రంగు దిగి తెల్ల దుప్పటి పాడైందని తిట్టింది. తిట్టించుకుని, క్షమాపణ చెప్పి, కొత్తది పంపించాను. ఇంకొకావిడ నైటీకి జేబెందుకు పెట్టరు, ఇంట్లో పని చేసేటప్పుడు ఫోను నెత్తి మీద పెట్టుకోవాలా అని నిలదీసింది. ఆ మాట అన్నకు చెప్పాను. గోల్నాకలో మాకు కుట్టిపెట్టే టైలర్లు అప్పట్నుంచి జేబు పెట్టారు, అమ్మకాలు పెరిగాయి. ఆ తెలివి తనదేనని అన్న అందరికీ చెప్పుకున్నాడు. పోనీలే అనుకున్నాను.

తరువాత మగవాళ్ళు మొదలయ్యారు. మొదటివాడు ఎంతో మర్యాదగా సైజుల గురించి అడిగాడు. కొలతలు చెప్పండి అన్నాను. నావి కాదు మేడం, మీవి, అన్నాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థమయ్యాక ఫోను పెట్టేశాను. వాణ్ణి బ్లాక్ చేస్తే ఇంకొకడు. వాడి వెనక వాడి దోస్తు. తెలియని నంబరు ఎత్తకుండా ఉందామంటే అందులో నిజంగా చిరిగిన నైటీ వచ్చిన ఆవిడ ఉండొచ్చు. ఎత్తాలి. ఎత్తి, "నమస్కారం, చెప్పండి" అనాలి. అవతల ఊపిరి చప్పుడు వింటూ, ఇది ఫిర్యాదా కాదా అని కనిపెట్టుకుని ఉండాలి. నా కర్మ కాలి నేను నేర్చుకున్న విద్య అది.

క్లాసులో పిల్లలకు ఇచ్చింది కూడా ఆ నంబరే. ఎవరు ఫోన్ చేస్తున్నారో పేరు చూపించే యాప్ ఒకటి అందరి దగ్గరా ఉంటుంది కదా. అందులో మన పేరు మనం పెట్టుకున్నది కాదు, ఊరందరూ మనల్ని ఏమని దాచుకున్నారో అది కనపడుతుంది. నాది 'నైటీ ఆంటీ' అని వచ్చింది. వెనక బెంచీవాళ్ళు నేను పాఠం చెప్తుండగా నా ఫోను మోగించి, నేను తీసి చూసుకుంటే ముసిముసిగా నవ్వేవాళ్ళు. నాకు ముందే ముక్కు మీద కోపం. ఒకరోజు పుస్తకం మూసి, మీ ఇళ్ళల్లో అమ్మలు వేసుకునేవి మా దుకాణంవే, కావాలంటే ఒక్కొక్కరి అమ్మ సైజు లేచి నిలబడి చెప్పండి, రాసుకుంటాను అన్నాను. క్లాసు నీళ్ళు చల్లినట్టయింది. ముందు వరసలో ఏ పాపం ఎరగని పిల్ల ఒకతి తల దించుకుంది. నాకు జాలి కలగలేదు, కడుపు చల్లబడింది. వారం తిరక్కుండా యాప్‌లో నాకు ఇంకో పేరు వచ్చింది, అది ఇక్కడ రాయలేను.

అన్నతో చెప్పాను, నా పేరు తీసెయ్యమని. ఎవరో ఒకరి పేరు ఉండాలని నువ్వే చెప్పినవు కదా అన్నాడు. అయితే నీ పేరు పెట్టుకో అన్నాను. మగోడు ఎత్తితే ఆడోళ్ళు నైటీ గురించి ఏం మాట్లాడతరన్నాడు. పోనీ దుకాణానికి వేరే సిమ్ తీద్దామంటే, లేబుళ్ళు అచ్చయిపోయినయి, ఏ సిమ్ అయినా ఎత్తి మాట్లాడేది నువ్వే కదా అన్నాడు. అది మాత్రం నిజం. ఇక మిగిలింది వదిన. వంటింటి గడప దగ్గర నిలబడి కరివేపాకు దూస్తోంది. వదిన పేరు పెట్టు, సగం రోజు దుకాణంలో కూర్చునేది ఆమే కదా అన్నాను.

అన్న నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"గామె పిల్లల తల్లి. సంసారం చేస్కునే మనిషి నంబర్ గట్ల ఊర్ల పెడ్తమా? మా అత్తగారోళ్ళు ఏమంటరు?" అన్నాడు. కాస్త ఆగి, నన్ను ఓదారుస్తున్నట్టుగానే, "నీకైతే అడిగేటోళ్ళు ఎవరున్నరు చెల్లె," అన్నాడు.

కోపంతో అన్న మాటైతే నాలుగు అంటించి ఊరుకునేదాన్ని. కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఇంట్లో పాత గిన్నె ఒకటి ఉంటుంది, కుక్కకు అన్నం పెట్టాలంటే అదే తీస్తారు, కొత్తది తీయరు. వదిన కరివేపాకు దూస్తూనే ఉంది. తల ఎత్తలేదు, వద్దని కూడా అనలేదు.

చెవులారా వింటే బుద్ధొస్తుందనుకున్నాను. రెండు రోజుల తరువాత మధ్యాహ్నం అన్న భోజనానికి పైకి వచ్చినప్పుడు ఫోను మోగింది. ఆ నంబరు నాకు తెలుసు. స్పీకర్ పెట్టి అన్న ముందు బల్ల మీద పెట్టాను. వాడు మొదలుపెట్టాడు. నా ఒంటి గురించి, చూసినట్టే, మెడ దగ్గర్నుంచి కిందికి. అన్న ముఖం నల్లబడింది. చెయ్యి చాచి ఫోను కట్ చేశాడు. వాణ్ణి ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అనలేదు. నేను ఎదురు చూశాను. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు పోలీస్ స్టేషన్‌కు పోదాం పద అంటాడు అని పిచ్చిదానిలా ఎదురు చూశాను.

అన్న మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టి, "నువ్వు మరీ మెత్తగ మాట్లాడుతున్నవేమో. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదంటరు. జర గట్టిగుండాలె ఆడిది," అన్నాడు.

నా నోరు మెత్తనిదని నా జీవితంలో అన్నది ఆయనొక్కడే.

వేసవి వచ్చింది. కాంట్రాక్టుల సంగతి మాట్లాడాలని మా విభాగం హెడ్ పిలిపించాడు. పెద్దమనిషి, నన్ను కూర్చోమని టీ తెప్పించాడు. టీ తెప్పించినప్పుడే నాకు అనుమానం వచ్చింది, ఆ గదిలో నాకు ఎప్పుడూ టీ ఇవ్వలేదు. ఫోన్ల గురించి, పిల్లల నవ్వుల గురించి అడుగుతాడేమో, ఏం చెప్పాలో వరస కట్టుకుని పోయాను. ఆయన అవేమీ ఎత్తలేదు. తన ఫోను తీసి మా వెబ్‌సైటు చూపించాడు. అడుగున నా పేరు, నా హోదా.

"మీరు ఇంకో సంస్థలో ఆఫీసర్‌గా ఉన్నట్టు ఇక్కడ క్లియర్‌గా ఉంది కద మేడం. మాది ఫుల్ టైం కాంట్రాక్ట్. నేనేం చేయగలుగుత చెప్పండి," అన్నాడు.

ఇంటి దుకాణం సార్, చట్టానికి ఒక పేరు కావాలని పెట్టాం, నాకు జీతం కూడా లేదు అన్నాను. నా గొంతు నాకే అసహ్యం పుట్టేలా వినపడింది. ఎవరి ముందూ అట్లా మాట్లాడలేదు నేను. ఆయన తలూపాడు. అర్థమవుతుందన్నాడు, పైవాళ్ళకు ఎవరో ఈ పేజీ పంపారు, తన చేతుల్లో లేదన్నాడు. నేను లేచి తలుపు దాకా వచ్చాక, మా ఆవిడ కూడా మీ దగ్గరే తీసుకుంటది, కాటన్ మంచిగుంటదని మెచ్చుకున్నాడు.

క్యాంపస్ నుంచి తార్నాక దాకా నడిచే వచ్చాను. ఆటోలో ఎక్కితే ఏడుస్తానని భయం. అన్న దుకాణంలో పార్సిళ్ళకు టేపు వేస్తున్నాడు. చెప్పాను. టేపు పళ్ళతో తెంపి, "పోతే పోనీ, ఏటేటా గా టెన్షనెందుకు. ఇగ మంచిగ షాపు ఫుల్ టైం చూస్కో," అన్నాడు. ముఖంలో తృప్తి. ఎంతకాలం నుంచో అడగలేక ఆగిన మాట ఎవరో తన తరఫున అడిగిపెట్టినట్టు.

ఒళ్ళు మండిపోయింది. వెబ్‌సైటు పాస్‌వర్డు నా ఒక్కదాని దగ్గరే ఉంది. పైకి వెళ్ళి నా పేరు తీసేసి అన్న పేరు, అన్న నంబరు పెట్టాను. దిగి వచ్చి, దాన్ని మళ్ళీ మార్చమంటే దుకాణం పేజీ మొత్తం మూసేస్తానని చెప్పాను. తిట్టాడు. నేనూ తిట్టాను. సందులో నలుగురు ఆగి విన్నారు. పెళ్ళిళ్ళ సీజను, ఆర్డర్లు వస్తున్న సమయం, అందుకని ఒప్పుకున్నాడు. పాత లేబుళ్ళ మీద కొత్త నంబరు చీటీలు అతికించింది మాత్రం నేనే, ఒక్కో ప్యాకెట్టుకు.

అన్న నంబరు పెట్టిన కొత్తలో ఒకటే సణుగుడు. పొద్దంతా ఫోన్లు, ఎత్తంగనే కట్ చేస్తున్నరు, హలో అంటే సప్పుడుండదు అని. నెట్‌వర్క్ బాగలేదేమో అంది వదిన. సిమ్ మార్చమన్నది. ఆ కట్ చేసేవాళ్ళలో సగం మంది గొంతులు నాకు తెలుసు. మెల్లగా ఆ ఫోన్లు తగ్గాయి, తరువాత నిలిచిపోయాయి. నిజంగా కొన్న ఆడవాళ్ళు జంకు లేకుండా అన్నకే ఫోన్ చేసి రంగు దిగిందని తిడుతున్నారు.

ఒక ఆదివారం వదిన తమ్ముడు వచ్చాడు. అందరం కలిసి తింటున్నాం. దుకాణం ఎట్లా ఉందని అతను అడిగాడు. అన్న ముక్క నములుతూ, నా వైపు చూడకుండా, అందరికీ వినపడేటట్టు చెప్పాడు.

"ఇప్పుడు నా నంబరే ఉన్నది. ఇన్ని రోజులల్ల ఒక్కడన్న తప్పుగ మాట్లాడలె. నంబర్ల ఏముంటది బామ్మర్ది, ఎత్తే మనిషిని బట్టి ఉంటది."

వదిన తమ్ముడు నన్నొకసారి చూసి, కంచంలోకి చూసుకున్నాడు. అంటే ఆ ఫోన్ల సంగతి అతనికీ ముందే తెలుసు. వదిన అన్నం గిన్నె నా వైపు జరిపింది. కంచం ఎత్తి అన్న ముఖాన కొట్టాలనిపించింది. క్యాంపస్ ఉద్యోగం ఉన్న రోజుల్లో అయితే కొట్టేదాన్నే, కొట్టి గది వెతుక్కునేదాన్ని. ఇప్పుడు ఆ అన్నం మా అన్న సొమ్ము. పెట్టుకుని తిన్నాను.