కెబిరుంగి పోసిన మజ్జిగ

ఆవుల మందలు మేసే న్యాబుషోజి గడ్డిమెట్టల మీద కెబిరుంగి నోటికి జడవనివాళ్లు లేరు, ఆమె మజ్జిగ తాగనివాళ్లూ లేరు. తెల్లవారేసరికి నేల మీద కాళ్లు చాపి కూర్చుని, పెరుగు పోసిన సొరబుర్రను ఒళ్లో పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపేది. చిన్నప్పుడు తల్లి పక్కన మొదలుపెట్టిన పని, మొగుడు పోయాక కూడా మానలేదు. నెయ్యి సంతకు పంపేది. మజ్జిగ మాత్రం ఎన్నడూ అమ్మలేదు. ఆవులున్నవాళ్లు మజ్జిగ అమ్ముకుంటే పరువు పోదూ? దూడలకీ, కాపరులకీ, అడిగినవాళ్లకీ ఊరికే పోసేది.

అలా పోయించుకునేవాళ్లలో కొబుసింగే ఒకతె. పక్క వాలులో అరటితోట ఆమెది. కొడుకు ఆత్వీనె తన ఈడు పిల్లల భుజాల దాకా కూడా వచ్చేవాడు కాదు. అరటికాయ ముద్ద ఎంత పెట్టినా ఎదుగూ బొదుగూ లేదు. "తోటవాళ్ల పిల్లలకి పొడుగెక్కణ్ణించి వస్తుందిలే!" అని కాపరులు నవ్వితే కొబుసింగేకి కడుపు రగిలిపోయేది. మజ్జిగ పట్టించడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు ఆరోగ్య కేంద్రంలో నర్సు పిల్లాణ్ణి కొలిచి, "సాగుతున్నాడమ్మా" అంది. ఆ రోజు కొబుసింగే కాళ్లు నేల మీద ఆనలేదు. తిన్నగా వెళ్లి కెబిరుంగికి చెప్పింది.

ముసలామె మనసు కరిగిపోయింది. "అయ్యో, వెన్న తీసేసిన నీళ్లతోనే ఇంత పెరిగాడా! ఇక వీడికి మజ్జిగ వద్దే. ఇదిగో, నెయ్యి పట్టుకెళ్లు."

అక్కడ నెయ్యి ఇచ్చారంటే కొత్త పెళ్లికూతురికి చేసినంత మర్యాద. కొబుసింగే రెండు చేతులా అందుకుంది. ఆమె వాటా మజ్జిగ దూడలకు పోయింది.

ఆత్వీనె బుగ్గలు నిండాయి. కానీ మళ్లీ కొలిచినప్పుడు నర్సు మొహం చిట్లించింది. "ఒళ్లు చేశాడు గానీ పొడుగు ఆగిపోయిందే! ఏం పెడుతున్నావు?"

కొబుసింగే చెప్పింది.

"నెయ్యి మంచిదేనమ్మా. కానీ ఎముక సాగాలంటే పాలల్లోని మాంసకృత్తులు, ఖనిజాలు కావాలి. వెన్న తీసినా అవి మజ్జిగలోనే ఉండిపోతాయి, నేతిలోకి రావు. మళ్లీ మజ్జిగ పట్టించు. ఎదిగే వయసు దాటిపోతే నేనేం చెయ్యలేను."

చెప్పడం తేలికే. ఇచ్చిన నెయ్యి వెనక్కి ఇవ్వడమంటే పెద్దావిడ మొహాన కొట్టినట్టే. ఆమెకు కోపమొస్తే నెయ్యీ పోతుంది, మజ్జిగా పోతుంది, పిల్లాడు అలాగే ఉండిపోతాడు. కొబుసింగే కొన్నాళ్లు తనలో తనే నలిగింది. చివరికి కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్లి, కెబిరుంగి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తా, తిట్టినా కొట్టినా పడతాను. మిగిలిన నెయ్యి వెనక్కి తెచ్చేశాను. నాకు మళ్లీ మజ్జిగే పొయ్యి."

ఊగుతున్న సొరబుర్ర ఆగింది. పాలు పితుకుతున్న కాపరి పగలబడి నవ్వాడు. "విన్నారా? నెయ్యి వద్దుట, దూడల కుడితి కావాలిట!"

కొబుసింగే నర్సు మాటలన్నీ ఒక్క గుక్కలో చెప్పేసింది.  కెబిరుంగి బుర్ర మూత తీసి గిన్నెలోకి మజ్జిగ వంచింది. పుట్టి బుద్ధెరిగాక మజ్జిగ నోట పెట్టని మనిషి, అందరూ చూస్తుండగా ముందు తను తాగి మూతి తుడుచుకుంది.

"ఏరా, కుడితి ఎవరు తాగారో చూశావుగా? ఇక నవ్వు."

ఆ కాపరి ఆవు పొదుగు కేసి తల వంచాడు. మిగిలిన మజ్జిగ ఆమె ఆత్వీనెకు అందించింది. కొబుసింగేకి ఏడుపు ఆగలేదు. కన్నతల్లి కూడా తన కోసం ఇంత చెయ్యలేదనిపించింది.

"లేవవే తల్లీ. ఇన్నేళ్లుగా పిల్లలకి మంచిది పెట్టలేకపోయానే అనుకునేదాన్ని. మంచిదే పోశానన్నమాట" అంది కెబిరుంగి.

మరుసటి వానల్లో ఒక పొద్దున కొబుసింగే చినుకుల్లో పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకాలే ఆత్వీనె.

"అత్తా! వీడికి చొక్కా చాలట్లేదు!"

"చొక్కా చాలకపోతే గెంతులేసేదాన్ని నిన్నే చూశానే పిల్లా!" అంటూనే కెబిరుంగి వాణ్ణి దగ్గరికి లాక్కుని, ముంజేతి మీద చొక్కా ఆగిపోయిన చోట వేలు పెట్టి, అలాగే చూస్తూ కూర్చుంది.