పాత తేదీ వెయ్యని కాగితం

భ్రమరాంబ కొత్తగూడలోని ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తోంది. పెళ్లయి భీమవరం నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో స్థిరపడిన మనిషి. ఆమె లెక్కకు ఇంతవరకు ఎవరూ వంక పెట్టలేదు. అందుకే ఆ సోమవారం ఆడిటర్ పార్థసారథి అడిగిన ప్రశ్నకు ఆమె తడుముకోకుండా జవాబిచ్చింది.

"నిరుడు నలభై లక్షలకు సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొన్నారు కదమ్మా. టీడీఎస్ కింద పన్ను పట్టుకోకుండా డీలరుకు మొత్తం చెల్లించేశారేం?"

"అక్కర్లేదండి. పై డిస్ట్రిబ్యూటర్ దగ్గర అతను కొన్నప్పుడే ఆ పన్ను కోత అయిపోయింది. ఏ మార్పూ చెయ్యకుండా ఉన్నదున్నట్టు మనకు అమ్మాడు. మళ్లీ కొయ్యనక్కర్లేదని నిబంధన ఉంది కదండి."

"ఉంది. అయితే ఆ మాట డీలరు రాసిచ్చిన కాగితం మన దగ్గర ఉండాలి. అదేదీ?"

ఫైల్లో లేదు. అప్పట్లో కొనుగోళ్లు చూసే బాలు, కాగితం వచ్చిందని చెప్పాడు. ఆ మాట నమ్మి ఆమె బిల్లు పాస్ చేసింది. అతను రెండు నెలలకే ఉద్యోగం మానేశాడు, అతని ఆఫీసు మెయిల్ కూడా మూసేశారు. కాగితం లేకపోతే నాలుగు లక్షల పన్ను, పైన వడ్డీ కంపెనీ నెత్తిన పడతాయి. బిల్లు మీద సంతకం మాత్రం ఆమెది. రెండు రోజులు బీరువాలన్నీ వెతికింది.

బుధవారం పొద్దున్నే నిజాంపేటలో ఆ డీలరు శివశంకర్ ఆఫీసుకు వెళ్లింది. అతను అంతా విని తేలిగ్గా నవ్వాడు.

"గింత దానికి పరేషాన్ ఎందుకక్కా? ఇప్పుడే కొత్త కాయితం కొట్టి పాత తారీఖు ఏస్త. ముద్ర ఈడనే ఉన్నది. ఎవలకు తెలుస్తది?"

ముద్ర బయటికి తీశాడు కూడా. భ్రమరాంబ దానివంక చూసింది. ఊ అంటే చాలు, సాయంత్రానికి గండం గట్టెక్కుతుంది.

"వద్దండి," అంది చివరికి. "అలాంటి కాగితం ఫైల్లో పెట్టి నేను ఆ సీట్లో కూర్చోలేను. దొరకలేదనే చెప్పేస్తాను."

శివశంకర్ మొహంలో నవ్వు పోయింది. ముద్రను మళ్లీ సొరుగులో పడేశాడు.

"అయితే జర ఆగుండ్రి అక్కా. అప్పుడు నిజంగ పంపిన్నో లేదో చూస్త."

కంప్యూటర్ ముందు కూర్చుని పాత మెయిళ్లు ఒక్కొక్కటే తిరగేశాడు. ఇరవై నిమిషాల తర్వాత తెర ఆమె వైపు తిప్పాడు.

"గిదేనా?"

బిల్లు వేసిన రోజే బాలుకు పంపిన మెయిల్. దానితో పాటు సంతకం, పాన్ నంబరు ఉన్న హామీ పత్రం. ఫైలుకెక్కకుండా బాలు మెయిల్లోనే ఉండిపోయింది. భ్రమరాంబ దాన్ని రెండుసార్లు చదువుకుంది. అక్షరాలు కాసేపు మసకబారాయి.

"ఇదేనండి," అంది.

మధ్యాహ్నం పార్థసారథి ఆ పత్రాన్ని బిల్లుతో సరిచూసుకున్నాడు. కాగితం చూడకుండా చెల్లించడం తన పొరపాటేనని ఆమే ముందుగా చెప్పింది. అతను తల ఊపి, తన నోట్సులో ఆ అంశం కొట్టేశాడు.

"ఇంక దీని మీద ప్రశ్న లేదమ్మా."

మూడింటికి శివశంకర్ ఫోన్ చేశాడు. "పనైందా అక్కా? నాగ్గూడ ఫికరయితుంది."

"అయిందండి. ఇప్పుడే క్యారేజీ విప్పాను," అంది భ్రమరాంబ. "మూడు రోజుల తర్వాత కూరలో ఉప్పూ కారం తెలుస్తున్నాయి."