అమ్మ చెవులకు హెడ్‌ఫోన్లు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. అయినా ఎనభైల మొదట్లో గల్ఫులో, రిఫా అనే ఊళ్లో అక్కాబావల ఫ్లాటులో ఉంటూ నర్సరీ బడిలో పనిచేసిన ఆ పిల్లను తలచుకుంటే, ఎవరో దూరపు చుట్టాలమ్మాయిలా అనిపిస్తుంది. మాట్లాడాల్సిందంతా డైరీలో రాసుకుని, బయట తలాడించి వచ్చేసే పిల్ల. ఫొటో అనగానే ముఖానికి పౌడరు దట్టించుకునే పిల్ల. మా కోస్తా ఊళ్లో నల్లటి ఆడపిల్లలందరికీ నేర్పకుండానే వచ్చే విద్య అది. (స్టూడియోలో అద్దం పక్కన పౌడరు డబ్బా ఊరికే పెట్టరు కదా.)

అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చింది. మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, కఫీల్ దగ్గర్నుంచి మా పాస్‌పోర్టులు చేతికొచ్చేసరికి అక్కడ సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది. శుక్రవారం మా ఫ్లాటులోనే జ్ఞాపకార్థ కూడిక పెడదామన్నారు తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్లు. బల్ల మీద అమ్మ ఫొటో ఉండాలి. ఉన్నది అక్క పెళ్లినాటిదొక్కటే. స్టూడియో ఆయన పౌడరు చాలక, పైన పెన్సిలుతో కూడా తెల్లగా దిద్దాడు. అందులో అమ్మ చీర ఉంది, అమ్మ లేదు. “ఉన్నదదే, సర్దుకోవే” అంది అక్క. నాకేమో, ఆ తెల్లటావిడే రేపటినుంచి మా అమ్మ అయిపోతుందని భయం పట్టుకుంది.

పై ఫ్లాటులో అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి ఆవిడ ఉండేది. మేం పెయింటరమ్మ అనేవాళ్లం. ఆమె గోడల నిండా ఆమె మనుషులే. బస్సు నడిపే మేనమామ పాప్ గాయకుడిలా మెరుపుల కోటులో, బట్టలుతికిన నాయనమ్మ నారింజరంగు హెడ్‌ఫోన్లతో, వెనకంతా పెద్ద పెద్ద పూలు. “మావాళ్లను ఇంత గొప్పగా ఎవరూ వేయలేదు, అందుకే నేను వేస్తున్నా” అనేది. ఆమె తలుపు ముందు చాలాసేపు నిలబడి, చివరికి నా వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను, ఫొటో లేని మనిషిని వేయగలరా అని.

“నీకు అమ్మ పోలికేనా?”

“అంతా అమ్మేనండీ.”

“అయితే రేపొచ్చి కూర్చో. నీ ముఖానికి నేను వయసు కలుపుతా.”

మర్నాడు డబ్బాలో సగం పౌడరు రాసుకుని వెళ్లి కూర్చున్నాను. ఆమె కుంచె ఎత్తి, మళ్లీ దించేసింది. “మీ అమ్మ ఇంట్లో ఇలాగే ఉండేదా?”

“లేదండీ. ఫొటోకి మాత్రమే.”

“ఫొటోలో లేని అమ్మే కదా నీకు కావాలి? వెళ్లి కడుక్కో.”

కడుక్కొచ్చాను. (ఆమె తెల్ల తువ్వాలు ఇంకా తెల్లబడింది.) ఆమె నల్లరంగు గొట్టం ముట్టనేలేదు. నీలం, వంకాయరంగు, ఇటుకరంగు కలిపి మెడ దగ్గర ఒక్క పూత వేసింది. చిన్నప్పుడు వెనక పడుకుని నేను చూసిన అమ్మ మెడ అది. ఏడుస్తుంటే ఆమె ఆపమనలేదు, “కదలకు” అంది అంతే. ఆ తర్వాత అమ్మ ఎప్పుడూ ఏం చేస్తుండేదని అడిగింది. పాడుకునేదన్నాను. తీరా బొమ్మ అందుకునేసరికి అమ్మ చెవులకు నారింజరంగు హెడ్‌ఫోన్లు! వద్దని డైరీలో పేజీలకు పేజీలు రాశాను. ఆమెతో మాత్రం “థాంక్యూ అండీ” అన్నాను.

“అమ్మ చెవులకు ఈ డిప్పలేంటే? ప్రార్థనకొచ్చినోళ్లు నవ్వరా?” అని అక్క ఆ ఫొటోనే బల్ల మీద పెట్టి, బొమ్మను గోడవైపు తిప్పేసింది. శుక్రవారం అందరూ పాట అందుకున్నారు. అమ్మ అంట్లు తోముతూ పాడే పాటే అది. అక్క ఫొటో వంక చూసింది, చూసి గొంతు ఆపేసింది. లేచి వెళ్లి బొమ్మ తెచ్చి ఫొటో ముందు నిలబెట్టింది. పాట తడబడింది. వెనకనుంచి ఓ పెద్దావిడ జాలిగా, “మీ అమ్మగారు టెలిఫోన్ ఆఫీసులో చేసేవారామ్మా?” అంది.

నేను నేలలోకి కుంగిపోయాను. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. కూడిక కోసం రాసుకున్న పౌడరంతా చారలు కట్టింది.

“లేదండీ” అంది. “పాట వింటోంది. మీరు ఆపకండి.”

పెయింటరమ్మ ఆ ఏడే తన దేశం వెళ్లిపోయింది. ఇప్పటికీ ఎవరైనా ఫొటో తీస్తామంటే నా చెయ్యి పౌడరు డబ్బా దాకా వెళ్తుంది. గోడమీద అమ్మ పాటలోనే ఉంటుంది, నన్ను పట్టించుకోదు. నాలోని ఆ దూరపు చుట్టాలమ్మాయికి నవ్వొస్తుంది, నాక్కూడా. డబ్బా మూత పెట్టేస్తాను.