రాష్ట్రం చివరి కూడలి

మా పెదనాయన గొర్రెలను తోలుకుపోయేటప్పుడు వెనక్కి చూసేవాడు కాదు. ముందు ఆయన, మధ్యలో మంద, వెనక నడవలేని గొర్రెపిల్లను చంకనేసుకుని మా పెద్దమ్మ. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆగి, తల తిప్పకుండానే అడిగేవాడు.

"వస్తున్నవా?"

"వస్తున్న పో, నిన్ను ఇడిసిపెట్టి కర్ణాటకకు పోతనా?" అనేది పెద్దమ్మ.

తాండూరు దాటాక, మన రాష్ట్రం అయిపోయే చోట, పెద్ద రోడ్లు కలిసే కూడలి కట్టారు. గొర్రెల బాట దాని నడుమ పడింది. ఒక పొద్దున ఆయన అడిగితే లారీ బ్రేకు చప్పుడే వినిపించింది. మంద దాటింది. పెద్దమ్మ దాటలేదు.

గొర్రెలను అమ్మేశారు. అయినా ఆయన రోజూ కర్ర పట్టుకుని అక్కడికి పోయేవాడు. రోడ్డు నడుమ నిలబడి అడిగేవాడు. జవాబు రానిదే కదిలేవాడు కాదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టి ఇవతలికి లాగేవారు.

ఒకనాడు నేను వెనకే పోయాను. లారీలు హారన్లు కొడుతున్నాయి.

"వస్తున్నవా?"

"వస్తున్న పో," అన్నాను, పెద్దమ్మ లాగే.

"నువ్వు గాదు బిడ్డ," అన్నాడు. తల తిప్పలేదు. కానీ నడిచాడు.

మరునాటి నుంచి ఆ మాట చెప్పడానికి రోజూ నేనే వెంట పోయాను.