తాత వేలిముద్రకు బొట్టు

నేను కోదాడలో సోషల్ టీచర్‌ని. మా అమ్మ పుట్టకముందే తాత చనిపోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. చివ్వెంల దగ్గరి మా ఊరివాళ్ళు వెట్టిచాకిరీ మాన్పించమని నిజాం కాలంలో పెట్టుకున్న అర్జీ హైదరాబాద్‌లో పాత రికార్డులు దాచే ఆఫీసులో ఉందని, దాని మీద తాత వేలిముద్ర కూడా ఉందని తెలిసింది. అమ్మను సూర్యాపేటలో బస్సెక్కించి తీసుకెళ్ళాను.

అక్కడి ఉద్యోగి ఉర్దూ చదివి, "ఇదిగోనమ్మా, మీ నాయిన పేరు. పక్కనే వేలిముద్ర" అని చూపించాడు. అమ్మ చాలాసేపు దాన్నే చూసింది. నేను కళ్ళద్దాలు తుడుచుకునేలోగా కొంగుముడి విప్పి, తడివేలితో కుంకుమ తీసి ఆ ముద్ర మీద బొట్టు పెట్టేసింది!

"అయ్యో, ఏం చేస్తున్నరమ్మా! గవర్నమెంటు రికార్డు అది!" అని ఆయన అరిచాడు. హాల్లో చదువుకుంటున్నవాళ్ళంతా తలెత్తి చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అమ్మ బెదిరిపోయింది. "పెత్రమాసకు అందరు పెద్దల ఫోటోలకు బొట్టు పెడతరు సారూ. మా నాయినకు ఫోటో లేకపాయె. నేనెన్నడు పెట్టలే" అంది.

ఆయన మెత్తటి బ్రష్‌తో మెల్లగా దులిపాడు. ఎర్రమరక మాత్రం పోలేదు.

మొన్న పెత్రమాసకు మొదటిసారి అమ్మ ఫోటోకు బొట్టు పెట్టాను. పాత రికార్డుల విలువ గురించి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నేనిలా అనకూడదు. అయినా ఆ మరక అలాగే ఉండిపోవాలని మొక్కుకున్నాను.