పధ్నాలుగు రకాల పక్షులున్న కుంట

విశ్వవిద్యాలయం గేటుకి ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు ఆస్తి మొత్తం రెండు కాపీ యంత్రాలు, ఒక కంప్యూటరు, ఒక లామినేషన్ పెట్టె, ఒక అత్తగారు. యంత్రాల్లో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉండేది. అత్తగారు మాత్రం ఒక్కరోజూ మొరాయించలేదు. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, కాగితాలకు చిల్లులు పొడిచి స్పైరల్ ఎక్కిస్తూ, వచ్చిన ప్రతి విద్యార్థికీ అడగని సలహా ఒకటి పారేసేది.

షాపు నడిపే కోడలిని అందరూ జిరాక్సక్క అనేవారు. ఇరవయ్యేళ్ళుగా అన్ని శాఖల నోట్సులూ ఆమె చేతుల మీదుగా పోవడంతో ఆమెకి ప్రతి శాస్త్రమూ కాస్త కాస్త వచ్చు. ఏదీ మూడో పేజీ దాటి రాదు. కాగితం ఇరుక్కున్నప్పుడే కదా చదివే తీరిక దొరికేది!

ఇంత చదువు చేతుల్లో ఆడినా ఆమెకి డిగ్రీ లేదు. ఒక్క పేపరు మిగిలిపోయింది. ఆమె చివరి ఏడాదిలో ఉండగా, ఏ కోర్సు వాళ్ళయినా పర్యావరణ అధ్యయనం రాసి తీరాలని రూలు పెట్టారు. పరీక్ష హాల్లో 'ఆహారపు గొలుసును వివరింపుము' అన్న ప్రశ్న దగ్గర నొప్పులు మొదలయ్యాయి. పెద్దాడు పుట్టాడు. గొలుసు అక్కడే తెగిపోయింది.

ఇరవై రెండేళ్ళ తరవాత విశ్వవిద్యాలయానికి జాలి పుట్టింది. పేపర్లు మిగిలిపోయినవాళ్ళు ఒక సెమిస్టరు శనివారాలు క్లాసుకొచ్చి, ప్రాజెక్టు ఇచ్చి, పరీక్ష రాస్తే డిగ్రీ ఇస్తామంది. ఆ ప్రకటన మూడొందల కాపీలు తీసింది జిరాక్సక్కే. మూడొందల ఒకటోది తీసి బ్యాగులో పెట్టుకుంది.

"ఈ వయసులో పర్యావరణం నేర్చుకుని ఏం చేస్తావే?" అన్నాడు మొగుడు.

"అదే వయసులో నువ్వేం చేస్తున్నావురా, టీవీ చూడ్డం తప్ప?" అని అత్తగారు కొడుకు నోరు మూయించింది.

క్లాసులో పద్దెనిమిది మంది. జిరాక్సక్క తప్ప అందరూ పాతికలోపు వాళ్ళే. పాఠం చెప్పే లెక్చరరు మెత్తని మనిషి, నలభై దాటలేదు, గొంతు మాత్రం రిటైరైపోయింది. మొదటి శనివారం కాగితం వృథా గురించి చెప్పి, మనిషికి నలభై పేజీల నోట్సు పంచాడు, ఒకవైపే అచ్చు. జిరాక్సక్క నోరెత్తలేదు. అచ్చు వేసింది ఆమే మరి. రెండో శనివారం జీవవైవిధ్యం. కిటికీలోంచి ఒక పావురం లోపలికొచ్చి బల్ల మీద వాలితే, పాఠం ఆపి డస్టరుతో దాన్ని తరిమి, ఆయాసం తీర్చుకుని, "అన్ని ప్రాణులకీ చోటుండాలి" అని వాక్యం పూర్తి చేశాడు.

మూడో వారం ప్రాజెక్టు అన్నాడు. దగ్గర్లోని ఒక జలాశయానికి స్వయంగా వెళ్ళి చూసి పది పేజీలు రాయాలి. పాతిక మార్కులు.

ఆ సాయంత్రమే పదిహేడు మందీ షాపు ముందు బారులు తీరారు.

"అక్కా, ఆ కుంట రిపోర్టు తియ్యి."

కంప్యూటర్లో 'కుంట ఫైనల్ ఫైనల్' అని ఒక ఫైలుంది. పన్నెండేళ్ళుగా ఆమె చేసే పని దాని మీద పేరూ రోల్ నంబరూ మార్చడమే. కాలేజీకి ఈశాన్యాన రెండు కిలోమీటర్లలో బస్సు డిపో వెనక ఒక కుంట. ఒడ్డున పధ్నాలుగు రకాల పక్షులు. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకి నాలుగు పాయింట్ రెండు మిల్లీగ్రాములు. ఎండలు మండినా, వరదలొచ్చినా ఆ నాలుగు పాయింట్ రెండు చెక్కుచెదరలేదు. లెక్చరరు వేసే ఇరవై ఒక్క మార్కులూ చెక్కుచెదరలేదు.

పదిహేడూ అయ్యాక జిరాక్సక్క తన పేరు కొట్టడం మొదలెట్టింది.

"ఏమేవ్," అంది స్టూలు మీంచి అత్తగారు. "ఆ కుంట ఎలా ఉంటుంది?"

"నాకేం తెలుసు అత్తయ్యా? నేను ముద్రాపకురాలిని."

"పన్నెండేళ్ళుగా దానికి స్పైరల్ వేస్తున్నా. ఒక్కసారీ దాని మొహం చూడలేదు. రేపు ఆదివారమేగా, పోదాం పద."

జిరాక్సక్కకి నిజాయితీ అంటే పెద్ద పట్టింపేం లేదు. కానీ షాపు దాటి ఎక్కడికైనా వెళ్ళి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. సరేనంది. ఖాళీ సీసా, టేపూ, షాపులోని స్టీలు స్కేలూ సంచిలో వేసుకుని ఇద్దరూ బస్సెక్కారు. అత్తగారు పక్షులకని బిస్కెట్లు కూడా తెచ్చింది.

డిపో గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళని ఎగాదిగా చూశాడు.

"ఏ కుంట?"

"మీ డిపో వెనకది."

"డిపో వెనక డిపోనే ఉందమ్మా. నేను చేరకముందే పూడ్చేశారు. పదకొండేళ్ళు కాలేదూ!"

గోడ మీంచి చూపించాడు. ఆరు వరసల బస్సులు. ఒక మూల బస్సులు కడిగే గట్టు, దాని పక్కన నల్లటి నురగ.

"మరి కాలేజీ పిల్లలు ఏటేటా వస్తారుగా?" అంది జిరాక్సక్క.

"ఎవరూ రారే! ఈ పదేళ్ళలో కుంట అడిగింది మీరిద్దరే."

అత్తగారు బిస్కెట్ పొట్లం విప్పి తనే తినడం మొదలెట్టింది. తిరిగి వెళ్ళిపోవలసిందే. అయితే గోడ పక్కనుంచి నడుస్తుంటే జిరాక్సక్క ఒక పైపు చూసింది. కడిగిన నీళ్ళు అందులోంచి కాలవలోకి, కాలవ నుంచి పల్లంలో ఉన్న చిన్న వీధిలోకి పోతున్నాయి. ఆ వీధిలో ఇళ్ళ గోడలన్నిటికీ ఒకే ఎత్తులో నల్లటి చార ఉంది. లంగా అంచులాగా.

మూలనున్న సెలూన్ ఆయన దువ్వెన చేత్తోనే బయటికొచ్చాడు. "వానొచ్చిన ప్రతిసారీ ఇంతే మేడమ్. ముందు ఈ నీళ్ళు ఆ కుంటలో పడేవి. ఇప్పుడు నా కుర్చీలో పడుతున్నాయి. మొన్న సగం గడ్డం గీసుకున్నాయన్ని బల్ల మీద నిలబెట్టి మిగతా సగం గీశాను."

జిరాక్సక్కకి నవ్వొచ్చింది. తరవాత గోడ దగ్గర కూర్చుని స్కేలు ఆనించింది. ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు. పక్కింట్లో ముప్ఫై ఆరు. చివరింట్లో నలభై మూడు, అక్కడ గోధుమరంగు మంచం కోళ్ళు కూడా ఆ ఎత్తు దాకా నల్లబడ్డాయి. అత్తగారు ప్రతి గుమ్మంలోనూ కూర్చుని ఎవరింట్లో ఏం తడిసిందో కూపీ లాగింది. ఇరవై ఇళ్ళు అయ్యేసరికి పొద్దు వాలింది.

ఆమె నాలుగు పేజీలు చేత్తో రాసింది. మొదటి వాక్యమే ఇలా పెట్టింది: 'నేను చూడబోయిన కుంట లేదు.' కింద ఇరవై ఇళ్ళ కొలతలు, సీసాలో పట్టిన నీళ్ళ రంగూ వాసనా, సగం గడ్డం సంగతీ రాసింది.

బుధవారం లెక్చరరు గదికి పిలిచాడు. బల్ల మీద పదిహేడు స్పైరళ్ళు ఒకపక్క, ఆమె నాలుగు కాగితాలు ఒకపక్క.

"ఇది మీరే రాశారా?"

"నేనే సార్. తప్పులుంటే మా అత్తయ్యవి. పక్కన కూర్చుని చెప్పింది."

"కుంట లేదంటారు."

"లేదు సార్. బస్సులున్నాయి."

"మరి వీళ్ళందరికీ కనబడింది."

"కనబడదా సార్, నా కంప్యూటర్లో ఉందిగా."

ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడిచాడు. "ఆ ఫైలు మీకెలా వచ్చింది?"

"పన్నెండేళ్ళ కిందట ఒకబ్బాయి సీడీలో తెచ్చాడు. వాళ్ళ సీనియర్‌దట."

"ఆ సీనియర్ని నేనే."

జిరాక్సక్క బల్ల మీది స్పైరళ్ళ వైపు తిరిగి చూసింది.

"పదకొండు రోజులు తెల్లారగట్లే వెళ్ళాను. మోకాలి లోతు బురద. ఒక చెప్పు అక్కడే పోయింది. పధ్నాలుగో పక్షి కోసం నాలుగు రోజులు కూర్చున్నాను," అన్నాడాయన. రిటైరైన గొంతులో మొదటిసారి ప్రాణం ఉంది.

"ఏటేటా మీ రిపోర్టే మీ చేతికొస్తుంటే పోల్చుకోలేదా సార్?"

"మొదటి ఏడాదే పోల్చుకున్నాను." తల దించుకున్నాడు. "చదువుతుంటే బావుండేది. కుర్రతనంలో ఎంత బాగా రాశానో అనిపించేది. మా మాస్టారు నాకు ఇరవై ఒకటి వేశారు. నేనూ అదే వేస్తూ వచ్చాను."

"ఇరవై నాలుగు వేసుకోవాల్సింది. అడిగేవాడెవడు?"

ఆయన నవ్వలేదు. "పదకొండేళ్ళంటే, నేను ఉద్యోగంలో చేరేసరికే లేదన్నమాట. పాఠం చెబుతూ రెండు కిలోమీటర్లు నడవలేకపోయాను."

ఓదార్చడం జిరాక్సక్కకి చేతకాదు. "పోనీ శనివారం వెళ్దాం సార్, పిల్లల్నీ తీసుకుని. బస్సులైనా చూద్దురుగాని," అంది.

వెళ్ళారు. పదిహేడుమందీ దారి పొడుగునా ఆమె మీద పళ్ళు నూరారు. వాచ్‌మన్ రిజిస్టరు తెచ్చి ముందుపెట్టాడు. 'ఎవరిని కలవడానికి' అన్న గడి దగ్గర లెక్చరరు కలం ఆగిపోయింది. వెనక నుంచి అత్తగారు, "రాసెయ్ బాబూ, పాత స్నేహితులని," అంది. ఆయన అలాగే రాశాడు.

ఆ వారం పదిహేడు రిపోర్టులూ కొత్తగా తయారయ్యాయి. కొలతల్తో సహా లెక్చరరు డిపోకి ఉత్తరం పెట్టాడు. విషయం పరిశీలనలో ఉందని జవాబొచ్చింది. తరవాత పైపుకి ఒక ఇనప జల్లెడ బిగించారు. ప్లాస్టిక్ కప్పులు ఆగాయి, నీళ్ళు ఆగలేదు.

జిరాక్సక్కకి ప్రాజెక్టులో పంతొమ్మిది వచ్చింది. పది పేజీలకి నాలుగే ఉన్నాయని మూడు, ఆధార గ్రంథాల పట్టిక లేదని రెండు, బైండింగు లేదని ఒకటి కోశాడు. షాపులో స్పైరల్ వేసే మనిషిని ఇంట్లో పెట్టుకుని బైండింగుకి మార్కు పోగొట్టుకున్నందుకు అత్తగారు రెండ్రోజులు మాట్లాడలేదు. పరీక్ష మాత్రం గట్టెక్కింది, యాభై ఎనిమిదితో.

తొలకరి వాన పడ్డ మధ్యాహ్నం షాపు కిటకిటలాడుతోంది. ఫోను మోగింది. సెలూన్ ఆయన.

"మేడమ్, నలభై ఒకటి. రాసుకోండి."

"ఎక్కడ, కుర్చీ దగ్గరా, గుమ్మం దగ్గరా?"

"గుమ్మం దగ్గర. స్కేలు కొనుక్కున్నాను. పక్కింటావిడ తనదీ చెబుతానంటోంది, ఫోనివ్వమంటారా?"

"ఇవ్వండి," అని జిరాక్సక్క ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, చేతికందిన కాగితం వెనక రాయడం మొదలెట్టింది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు, "అక్కా, అది నా హాల్‌టికెట్టు!" అని కేకపెట్టాడు.