చిరిగితేనే నాకొచ్చే చొక్కా

బూర్గంపాడు వైపు మిర్చి కోతకు పోయే ఆడవాళ్లమంతా ఎండ తగలకుండా చీర మీద మొగుళ్ల పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుంటాం. మా ఇంట్లో మాత్రం చొక్కా నాదాకా రావాలంటే ముందది మోచేతుల దగ్గర చిరగాలి. ఎండ కొట్టేది నన్ను, మంచి బట్ట ఆయనకు! చిరుగుల్లోంచి ఎండ తగిలి నా మోచేతులు రెండూ కమిలిపోయాయి. ఈ వేసవిలో ఒకరోజు ఒళ్లు మండి, కొక్కేనికున్న ఆయన కొత్త చొక్కా తీసి తొడుక్కుని మెడదాకా గుండీలు పెట్టుకున్నాను.

ఫ్యాన్ కింద టీ తాగుతున్న ఆయన గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

"గా కొత్త అంగి ఎందుకేసుకున్నవ్? ఎండకు పాడైతది."

గడప దిగుతూ అరిచాను: "అంగి పాడైతదని తెలుసు గని, ఇన్నేండ్లు నా తోలు కాలుతుంటే తెల్వలేదా నీకు?"